సముద్రం లేకుండా పీల్చిన ఊపిరి

నా మీద వచ్చిన అభియోగం ఒక్కటే. మే నెల ఆరో తేదీ ఉదయం ఆరున్నర గంటలకు, సుద్దగుట్ట శనక్కాయల మిషను ఆవరణలో, నేను సముద్రం లేకుండా ఊపిరి పీల్చాను. పీల్చి ఊరుకోక వదిలాను కూడా. సాక్షులున్నారు, ఫొటో ఉంది. మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇచ్చుకోవాలని మెమో వచ్చింది. అబద్ధం ఆడే ఉద్దేశం నాకు లేదు. ఆ రోజు నేను ఊపిరి పీల్చిన మాట నిజం. అయితే ఎందుకు పీల్చవలసి వచ్చిందో మొదటినుంచీ చెప్పకపోతే, ఏదో దురలవాటు కొద్దీ పీల్చానని జనం అనుకుంటారు.

నా పేరు కంబగిరి. సుద్దగుట్ట ప్రభుత్వ యోగ కేంద్రంలో కాంట్రాక్టు శిక్షకుణ్ణి. ఏటా మార్చి ముప్పై ఒకటిన నా ఉద్యోగం పోతుంది, ఏప్రిల్ ఒకటిన మళ్లీ వస్తుంది. ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఇక సుద్దగుట్ట అంటారా, ఇక్కడ సుద్ద ఉంది, గుట్ట ఉంది, ఇంకేమీ లేదు. నీళ్ల ట్యాంకరు వారానికి రెండుసార్లు వస్తుంది. సముద్రం మా ఊరికి మూడు లక్షల నలభై వేల మీటర్ల దూరంలో ఉంది. మీటర్లలో ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

మా కేంద్రానికి పొద్దున ఆరింటికి ఇరవై ముగ్గురు వచ్చేవారు. వాళ్లలో సంజమ్మ ఒకరు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. నలభై ఏళ్లుగా శనక్కాయలు చెరిగి చెరిగి, ఆ దుమ్ముకు ఆయాసం తెచ్చుకుంది. పెద్దాసుపత్రి డాక్టరు మందు పీల్చుకునే డబ్బా ఒకటి చేతికిచ్చి, దాంతోపాటు ఊపిరి తీసుకోవడం కూడా నేర్చుకోమని మా దగ్గరికి పంపాడు. "ఊపిరి తీసుకునేది గూడా నేర్పిస్తారా అయివారూ?" అని నవ్వబోయి, నవ్వు సగంలో దగ్గు అందుకుని, మెట్ల మీద కూలబడిపోయింది. ఏడాదిన్నరలో ఆ మెట్లు ఒక్క బిగిన ఎక్కే స్థితికి వచ్చింది. కానీ నవ్వు మాత్రం ఎప్పుడూ సగంలోనే తెగేది. ఆమె ఒక్కసారి నవ్వు మొదలుపెట్టి చివరిదాకా నవ్వితే చూడాలని నాకు ఉండేది. అధికారికంగా అలాంటి లక్ష్యం మాకేమీ లేదు.

జనవరిలో మా యోగ ప్రోత్సాహక మండలి డైరెక్టరుగారు సెలవు మీద సముద్రపు ఒడ్డుకు వెళ్లారు. ఇసుకలో కూర్చుని కళ్లు మూసుకుని ప్రాణాయామం చేస్తుంటే, వారు ఊపిరి పీల్చినప్పుడల్లా అల వచ్చిందట, వదిలినప్పుడల్లా వెనక్కి వెళ్లిందట. మామూలు మనిషైతే ఆహా అనుకుని, లేచి ఇసుక దులుపుకుని, నాలుగు మిరపకాయ బజ్జీలు తిని ఇంటికి పోతాడు. వారు డైరెక్టరు కాబట్టి సర్క్యులరు జారీ చేశారు.

"రాష్ట్రమందలి యోగ శిక్షణ యావత్తు ఇకమీదట సముద్ర స్ఫూర్తితో మాత్రమే జరుపవలెను. సముద్రేతర స్ఫూర్తులు ఏవేని వాడుకలో ఉన్నచో తక్షణమే నిలిపివేసి, నిలిపివేసినట్లు ధ్రువపత్రం సమర్పించవలెను."

ఆలోచన చెడ్డదని నేను అనను. అలను చూస్తూ ఊపిరి తీసుకుంటే బాగానే ఉంటుంది, అల ఉన్నచోట. నేను మర్నాడు తరగతిలో అందర్నీ కళ్లు మూసుకోమని, సముద్రాన్ని తలుచుకోమన్నాను.

"ఎట్లుంటుంది అయివారూ అది?" అంది సంజమ్మ.

"నీళ్లక్కా. కనుచూపు మేర నీళ్లే."

"ఎన్ని బిందెలవుతాయి?"

లెక్క లేనన్ని అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. అర నిమిషం గడవలేదు, లేచి చాప చుట్టడం మొదలుపెట్టింది.

"యాడికక్కా?"

"అన్ని నీళ్లు కండ్ల ముందర పెట్టి, ఊరికే కూకోమంటే ఎట్ల? బిందె తెచ్చుకోవాల అనిపిస్తాంది. నాకు కుదురు నిలవడం ల్యా."

మిగతావాళ్లదీ అదే అవస్థ. సముద్రం చూసినవాడు మా తరగతిలో ఒక్కడే, రిటైరైన బస్సు కండక్టరు తిమ్మప్ప. ఎప్పుడో యూనియన్ మీటింగుకు మద్రాసు వెళ్లినప్పుడు, కొత్త చెప్పులు ఒడ్డున విడిచి నీళ్లలోకి దిగితే, అల వచ్చి చెప్పులు పట్టుకుపోయిందట. "నన్ను మాత్రం తలుసుకోమని సెప్పొద్దు సామీ. తలుసుకుంటే బీపీ లేస్తుంది," అన్నాడు. నిజంగానే లేచింది. నేను చూశాను.

ఫిబ్రవరిలో జిల్లా సమన్వయకర్త దక్షిణామూర్తిగారు తనిఖీకి వచ్చారు. మండలి ప్రతి కేంద్రం వివరాలనూ కంప్యూటరులో నమోదు చేయమంది. ఆయన లాప్‌టాప్ తెరిచి, కళ్లజోడు సవరించుకుని మొదలుపెట్టారు.

"కేంద్రమునకు సముద్రమునకు మధ్య గల దూరం, మీటర్లలో?"

"మూడు లక్షల నలభై వేలు సార్."

ఆయన కొట్టారు. ఆ గడిలో నాలుగు అంకెలు పట్టాయి. ఐదోది పట్టలేదు. తెర మీద మూడువేల నాలుగు వందలు అని నిలబడింది.

"మిగిలినవి ఏమిటవి?"

"రెండు సున్నాలు సార్."

"సున్నాలేనా! వాటికి విలువేముంది, పోనివ్వండి," అని మీట నొక్కారు. తెర ఆకుపచ్చగా మారి 'అభినందనలు, మీది తీర ప్రాంత కేంద్రం' అని చూపించింది. ఐదు కిలోమీటర్ల లోపు ఉన్నవన్నీ తీర ప్రాంత కేంద్రాలేనట.

"సార్, మా ఊళ్లో సముద్రం లేదు," అన్నాను.

"లేదని ఏ ప్రాతిపదికన అంటున్నారు?"

"కనపడదు సార్."

"కనపడకపోవడం పరిశీలనా లోపం కావచ్చు కదా కంబగిరిగారూ. రికార్డులో ఉంది. రికార్డుకు విరుద్ధంగా కళ్లు చెప్పినంత మాత్రాన మనం కళ్ల పక్షం వహించలేము." ఆయన గొంతులో కోపం లేదు. నా మేలు కోరే మనిషిలాగే చెప్పారు. "కావాలంటే సవరణకు అర్జీ పెట్టుకోండి. మీ గ్రామ పరిధిలో సముద్రం లేదని తహశీల్దారు నుంచి ధ్రువపత్రం జతచేయండి."

తహశీల్దారు ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా నా అర్జీ రెండుసార్లు చదివి, ఫలానా ఆస్తి ఫలానా గ్రామంలో లేదని రాసివ్వాలంటే ముందు ఆ ఆస్తి సర్వే నంబరు ఉండాలన్నాడు. సముద్రం సర్వే నంబరు పట్టుకొస్తే, అది సుద్దగుట్టలో లేదని ఐదు నిమిషాల్లో రాసిస్తానన్నాడు. నేను తిరిగి వచ్చేశాను. మార్చి దగ్గర పడుతోంది. కాంట్రాక్టు పొడిగించే ముందు మండలితో తగువు పెట్టుకున్నవాడని పేరు తెచ్చుకోవడం దేనికని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నా తప్పు. దానికి మాత్రం ఇంతవరకు మెమో రాలేదు.

తీర ప్రాంత కేంద్రం అయ్యాక మాకు సౌకర్యాలు వరసగా వచ్చాయి. మొదట రెండు లైఫ్ జాకెట్లు, 'లోతు ఎక్కువ, దిగరాదు' అనే బోర్డు. బోర్డును యోగ చేసే బండల ముందు పాతించాను. శవాసనం వేసేవాళ్లు వెల్లకిలా తేలియాడే ప్రమాదం ఉంది కనుక లైఫ్ జాకెట్ తప్పనిసరి అన్నారు. రెండే ఉన్నాయి గనక ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని శవాలయ్యారు.

ఆ తర్వాత ఆటుపోట్ల పట్టిక వచ్చింది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడే స్ఫూర్తి గరిష్ఠంగా ఉంటుందట. కాబట్టి తరగతి పోటు వేళకే జరగాలి. పోటు రోజుకు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. మొదటి రోజు ఆరున్నరకు పెట్టిన తరగతి పదో రోజుకు మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. మార్చి నెల, సుద్దగుట్ట ఎండ, కింద నాపరాళ్లు. భుజంగాసనానికి అరచేతులు ఆనిస్తే చుర్రుమనేవి. తిమ్మప్ప చెప్పులు చేతులకు తొడుక్కుని ఆసనాలు వేశాడు. "ఈసారి సముద్రానికి ఇచ్చేది ల్యా," అన్నాడు. ఇరవై ముగ్గురు తొమ్మిదిమందయ్యారు. సంజమ్మ మాత్రం పనిలో పూట తగ్గించుకుని మరీ వచ్చేది.

మార్చి మూడో వారంలో ఎక్కడో అల్పపీడనం పట్టి, రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేశారు. తీర ప్రాంత కేంద్రాలు ఖాళీ చేసి ఎత్తైన ప్రదేశానికి వెళ్లాలని ఆదేశం. తొమ్మిదిమందినీ తీసుకుని గుట్ట ఎక్కాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. సంజమ్మ లైఫ్ జాకెట్ వేసుకుని, చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులా చూసింది.

"యాడ తిమ్మప్పా సముద్రం?"

"ఇట్ల తూర్పుకు పట్టుకొని పోతే బస్సులో తొమ్మిది గంటలు."

"అంత దూరం నుంచి మన కోసం వస్తాందా, పాపం!" అంది ఆమె. నవ్వబోయింది, దగ్గు వచ్చింది. నేను వీపు నిమిరాను.

తొమ్మిది నిండు ప్రాణాలు కాపాడినందుకు నాకు ప్రశంసాపత్రం వచ్చింది. ఏప్రిల్ ఒకటిన కాంట్రాక్టు పొడిగింపు కూడా వచ్చింది. కింద ఒక షరతు రాశారు. శిక్షకుడు కేంద్రం లోపల గాని వెలుపల గాని సముద్రేతర స్ఫూర్తితో శ్వాస బోధించినట్లు రుజువైతే కాంట్రాక్టు రద్దవుతుంది. నేను సంతకం పెట్టాను. ఆ రోజు మా ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడారు.

పదిహేనో తేదీన చేపల వేట నిషేధం మొదలైంది. ఏటా తూర్పు తీరమంతటా అరవై ఒక్క రోజులు చేపలు గుడ్లు పెట్టుకోనిచ్చి బోట్లు ఆపేస్తారు. మంచి పద్ధతే. దానితోపాటు మా కేంద్రాన్నీ మూసెయ్యమన్నారు. తీర ప్రాంత కేంద్రాలన్నీ మత్స్యశాఖతో సమన్వయం చేసుకోవాలని ఎక్కడో ఒక వాక్యం ఉందట. నేను దక్షిణామూర్తిగారికి ఫోను చేశాను.

"సార్, ఇక్కడ చేపలు లేవు."

"లేవా?" అన్నారాయన, నిజంగా బాధపడుతూ. "చూశారా, ఇన్నాళ్లూ మీ శిక్షణ వల్ల ఎంత నష్టం జరిగిందో!"

"మత్స్యాసనం ఒక్కటీ ఆపేస్తాను సార్. కావాలంటే నౌకాసనం కూడా. నిజానికి ఇంజను లేని పడవలకు నిషేధం లేదు."

"మీవాళ్ల నౌకాసనంలో ఇంజను లేదని ఎవరు ధ్రువీకరిస్తారు?"

"పోనీ, ఊపిరి ఒక్కటీ తీయిస్తాను సార్. ఆయాసం మనిషి ఒకావిడ ఉంది. మానేస్తే ఆమెకు కష్టం."

"చూడండి కంబగిరిగారూ. దీర్ఘశ్వాస సముద్ర స్ఫూర్తితోనే తీయాలి. సముద్రం ప్రస్తుతం విరామంలో ఉంది. మామూలు శ్వాస ఎవరిళ్లలో వారు తీసుకోవచ్చును. దానికి మండలి ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు. మీ జీతం ఆగదు, నిశ్చింతగా ఉండండి."

నేను కేంద్రానికి తాళం వేసి, నిశ్చింతగా ఉండటానికి మూడు వారాలు ప్రయత్నించాను.

మే నెలలో మా దగ్గర విత్తనాల పని. వానలకు ముందు శనక్కాయలు మిషనుకు పోసి, పప్పు చెరిగి సిద్ధం చేస్తారు. ఏడాదంతటికీ దుమ్ము ఎక్కువగా లేచే కాలం అదే. సంజమ్మకు పని తప్పదు. ఆరో తేదీ పొద్దున్నే తిమ్మప్ప మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"సామీ, సంజమ్మకు ఊపిరాడడం ల్యా. డబ్బా మందు రెండుసార్లు పీల్చింది. ఆటో కోసం మనిషిని పంపినాం, వచ్చేసరికి అర్ధగంట అవుతుంది. నువ్వు రా."

వెళ్లాను. మిషను ఆపేశారు. ఆవరణ చివర, దుమ్ములేని చోట, ఆమె గోనెసంచి మీద కూర్చుని మోకాళ్ల మీద చేతులు ఊని, పైపైన గాలి అందుకోవడానికి తంటాలు పడుతోంది. పిల్లికూత నాకు గేటు దగ్గరికే వినిపించింది. చుట్టూ పనివాళ్లు, ఫోన్లు పట్టుకుని ఒకరిద్దరు. అక్కడ ఒక్క క్షణం ఆగాను. షరతు గుర్తొచ్చింది, ఇల్లు గుర్తొచ్చింది. భయం వేసింది. దాన్ని ఇంకో మాటలో చెప్పడం నాకు చేతకాదు. ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు చూశాక గేటు దగ్గర నిలబడటం నా వల్ల కాలేదు.

ఎదురుగా కూర్చున్నాను. నాలుగు నెలల అలవాటు కదా, నోటికి ముందు అదే వచ్చింది. "సంజమ్మక్కా, సముద్రాన్ని తలుచుకో."

ఆమె తల అడ్డంగా ఊపింది. మాట రావడం లేదు. పక్కకు చెయ్యి చాచి, ఖాళీ చేట ఒకటి తీసుకుంది. అందులో గింజ లేదు, పొట్టు లేదు. ఒళ్లో పెట్టుకుని మెల్లగా ఊపింది. చేట పైకి లేచినప్పుడు లోపలికి, కిందికి దిగినప్పుడు బయటికి. నలభై ఏళ్లు ఆ చేతులు చేసిన పని. ఊపిరి తడబడినా చేతులు తడబడలేదు. నేను చేట వంకే చూస్తూ, ఆమెతోపాటు పీల్చాను, వదిలాను. "దించేది నిదానంగా అక్కా, ఇంకా నిదానంగా," అన్నాను. పెదవులు సున్నాలా చుట్టి వదలమన్నాను. పది ఊపులకు భుజాలు దిగాయి. ఆటో వచ్చేవేళకు కూత సన్నబడింది. ఆసుపత్రిలో సూది వేసి, మందు మార్చి, ఇకమీదట చెరిగేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పి, సాయంత్రానికి పంపించారు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆమె ముక్కుకు గుడ్డతో, చేతిలో ఖాళీ చేటతో మిషను ఆవరణలో కూర్చుంది. నేనూ వెళ్లాను. తిమ్మప్ప వచ్చాడు, చెప్పులు ధైర్యంగా బయటే విడిచాడు. వారం తిరిగేసరికి పదకొండు చేటలయ్యాయి. మొదటి రోజు ఫొటో ఎవరో స్టేటస్‌లో పెట్టారట. చూసినవాళ్లంతా దండం గుర్తు పెట్టారు. దక్షిణామూర్తిగారు కూడా పెట్టారు, పెట్టాకే మెమో రాశారు.

"తీర ప్రాంత శిక్షకుడై ఉండియు, నిషేధ కాలమందు, సముద్రేతర ప్రదేశమున, చేట అను గృహోపకరణ స్ఫూర్తితో స్వయముగా ఊపిరి పీల్చుటయే గాక ఇతరులచే పీల్పించినందుకు, మీపై చర్య ఏల తీసికొనరాదో తెలుపవలెను."

మెమో పట్టుకుని ఆవరణకే వెళ్లాను. అందరి ముందూ చదివాను. తిమ్మప్ప కోర్టుకు పోదామన్నాడు. ఇంకెవరో చేటను సముద్రపు చేట అని రాయమన్నారు. ఉద్యోగం దక్కాలంటే అలా రాయడమే మేలని నాకూ తెలుసు. కానీ ఆమె ఊపిరి నిలబెట్టిన ఆ చేటకు ఆ పేరు పెట్టడానికి మనసొప్పలేదు.

సంజమ్మ అంతా విని అడిగింది. "ఇంతకీ వాళ్ల బాధేంది అయివారూ? మనం గాలి తీసుకున్నామనా?"

"అదేనక్కా."

"తీసుకున్నేది మళ్లీ ఆడే ఇడిసిపెడితిమి గదా! ఇంటికేమన్నా ఎత్తుకొని పోతిమా? అదే రాయి."

అదే రాశాను. కొంచెం వాళ్ల భాషలోకి మార్చాను. "తేదీ ఆరు, మే నాడు నేను ఊపిరి పీల్చిన మాట వాస్తవము. అట్లు పీల్చిన గాలిలో ఏ కొంచెమును నా వద్ద ఉంచుకొనక, మొత్తము అదే స్థలమున, అదే ఉదయమున తిరిగి అప్పగించితిని. సంజమ్మగారు కూడా అట్లే చేసిరి. స్ఫూర్తి చేటదేనని సవినయముగా మనవి చేయుచున్నాను." సంతకం పెట్టి పంపించాను.

రెండు వారాలకు ఉత్తర్వు వచ్చింది. దాన్నీ ఆవరణలోనే చదివాను.

"సంజాయిషీ పరిశీలించబడినది. ఊపిరి వదలుట విషయమున ఇచ్చిన వివరణ సంతృప్తికరముగా ఉన్నది, ఆమోదించడమైనది. పీల్చుట విషయము ఉన్నతస్థాయి పరిశీలనలో ఉన్నది. నిర్ణయం వెలువడు వరకు శిక్షకుడు విధులకు దూరముగా ఉండవలెను. పదకొండు మందియు యథాతథ స్థితి పాటించవలెను."

ఏప్రిల్ ఒకటిన వచ్చిన ఉద్యోగం జూన్ కూడా చూడకుండా పోయిందని అందరికీ అర్థమైంది. నేను కాగితం మడత పెడుతున్నాను.

"అయివారూ," అంది సంజమ్మ, గుడ్డ ముక్కు మీంచి కిందికి లాగి. "అంటే ఇడిసేకి పర్మిషన్ వచ్చె. పీల్చేకి ఇంకా రాలేదా?"

"రాలేదక్కా."

"మరి ముందు ఏం ఇడిసేది?"

అని నవ్వడం మొదలుపెట్టింది. చేట ఒళ్లోంచి జారిపోయింది. నేను అలవాటుకొద్దీ మందు డబ్బా అందుకుని, సగంలో దగ్గు వస్తుందని కాచుకుని కూర్చున్నాను. రాలేదు. నవ్వు పెద్దదై, తిమ్మప్పకు అంటుకుని, పదకొండు మందినీ చుట్టి, మళ్లీ ఆమె దగ్గరికే వచ్చి, చివరిదాకా నడిచి తనంతట తాను ఆగింది.

ఆగాక, కళ్లు తుడుచుకుని, ఆమె కడుపు నిండా ఒక ఊపిరి పీల్చింది. ఉత్తర్వు నా చేతిలోనే ఉంది. నేను ఆపలేదు. రేపెప్పుడైనా అడుగుతారని, ఇది కూడా రాసి పెడుతున్నాను.